పోతానా, పోయొస్తానా

వెంకటరమణయ్య శెట్టికీ నాకూ అయిదేళ్లుగా ఒకే మాట మీద తగాదా. ప్రొద్దుటూరులో ఆయన గుడ్డల అంగడి అరుగు మీద నా కుట్టుమిషను, లోపల బల్ల మీద ఆయన గ్రామఫోను. మా ఇద్దరి మధ్యా పాటలు పాడే పద్మలోచని గొంతు.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఏడు శెట్టి మద్రాసు నుంచి తెచ్చిన ఆల్బం అది. అట్ట పుస్తకంలాంటి దాంట్లో నాలుగు రికార్డులు, ఎనిమిది పాటలు, ఏటిగట్టున పుట్టిన ఒక పిల్ల కథ. రాసిన మహానుభావుడెవరో గానీ, "గుండె బరువు గడపకు తెలుసు, వెనక్కి మళ్లిన అడుగుకు తెలుసు" అన్నాడు. అబ్బ, ఆ మాటను ఆమె పాడుతుంటే నా కాలు మిషను మీద దానంతటదే ఆగిపోయేది. నాకు తెలుగు అక్షరం రాదు. శెట్టి నేర్పబోయి విసుగెత్తి వదిలేశాడు. నోట్లో ఎన్ని తునకలో కాగితం మీద అన్నే అక్షరాలన్నది మాత్రం బుర్రకెక్కింది. అయినా ఎనిమిది పాటలూ నోటికొచ్చు. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కూడా తెలుసు. నిజం చెప్తున్నా, ఆ గొంతు కోసమే నాకు రోజూ తెల్లవారేది.

తగాదా ఎనిమిదో పాట చివర. పిల్ల ఇల్లు విడిచి పడవెక్కుతూ ఏటితో "ఏరమ్మా, నేను" అంటుంది. ఆ పక్క మాట మీద రికార్డుకు గీత. "పో" అని వినబడుతుంది, బర్రుమంటుంది, తర్వాత "తా" అని సాగే రాగం. మధ్యలో ఏముందో దేవుడికే ఎరుక.

"పోయొస్తా అంటాది," అంటాను నేను.

"పోతా అంటాది," అంటాడు శెట్టి.

"థూ! గడప దాటే ఆడబిడ్డ పోతా అంటాదా? అది సచ్చేటోళ్ల మాట. మీ ఇంట్లో గానీ మా ఇంట్లో గానీ పోయొస్తా అనాల్సిందే గదా!"

"ఆ పిల్ల కోస్తా మనిషప్పా. వాళ్లు వెళ్లొస్తా అంటారు. ఏరికోరి పోతా అనిందంటే, ఇంగ తిరిగి రాదని."

"తిరిగి రానిది అంత తీయగా పాడతాదా? నీకు చెవులుండాయా, లేదా?"

ఆల్బంతో రావలసిన పాటల పుస్తకం రాలేదు. వచ్చి ఉంటే తగాదా ఆ రోజే తీరేది.

నిరుడు ఎండాకాలం నుంచి గొంతు మసకబారింది. నాకు ఒళ్లు మండింది.

"ముల్లు మార్చు శెట్టీ! అరిగిన ముల్లుతో గీకి గీకి ఆయమ్మ గొంతు నాశనం చేస్తాండావు. శానా పిసినారివి!"

"నిన్ననే మార్చినా గదప్పా."

"యాడ మార్చినావు? బద్దాలు!"

నేనే కొత్త ముళ్ల డబ్బీ కొని ఆయన బల్ల మీద కొట్టాను. అయినా అంతే. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు ముల్లునీ తిట్టాను, రికార్డునీ తిట్టాను, శెట్టి ఏడు తరాలనూ తిట్టాను. ఒకనాడు నా భార్య హజరాబీ వచ్చి భుజం పట్టి కుదిపింది. వెనక నిలబడి పదిసార్లు పిలిచిందట.

జమ్మలమడుగు ఆసుపత్రిలో డాక్టరు నా చెవుల్లోకి దీపం వేసి చూసి, ఆమెకేదో చెప్పాడు. ఆమె నా చెవికి నోరానించి అరిచింది. నరం చచ్చిపోయిందట, వినికిడి ఇక రాదట. బస్సులో సిగ్గు లేకుండా ఏడ్చాను. యా అల్లా, కాలు తీసుకున్నా ఒంటికాలితో మిషను తొక్కేవాణ్ణే, చెవులే కావాల్సి వచ్చాయా నీకు?

మూడు నెలల్లో ఉన్న కాస్తా పోయింది. శెట్టి మాత్రం రోజూ ఎనిమిది పాటలూ వేసేవాడు. చెవిటోని ముందర శంఖం ఊదుతాండాడని ఎవరో నవ్వితే, వాణ్ణి అరుగు మీద నుంచి దించేశాడని హజరాబీ సైగలతో చెప్పింది. నేను గ్రామఫోను పెట్టె మీద అరచెయ్యి ఆనించేవాణ్ణి. సన్నటి వణుకు తప్ప ఏమీ లేదు. మొదట్లో తలలోనైనా వినబడేది. తర్వాత అదీ చెరిగింది. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో మరిచిపోయాను.

నిన్న శెట్టి పులివెందులకు పోయాడు. అక్కడ పెళ్లిళ్లకు మైకుసెట్టు పెట్టే ఇక్బాల్ దగ్గర ఆ పాటల పుస్తకం ఉందని ఎవరో చెప్పారట. సాయంత్రం బస్సు దిగి నేరుగా నా మిషను దగ్గరికొచ్చి, చివరి పేజీ తెరిచాడు. చివరి మాట కింద వేలు పెట్టి చదువుకున్నాడు. మళ్లీ ఒకసారి చదువుకున్నాడు. తర్వాత నా మొహంలోకి చూస్తూ పెదాలు సాగదీసి అన్నాడు, "పో... యొ... స్తా." మూడుసార్లు అన్నాడు. నువ్వే గెలిచావన్నట్టు వీపు తట్టాడు.

నేను ఆయన వేలి పైకి చూశాను. చదువు రాకపోయినా, ఇరవై ఏళ్లుగా చొక్కాలకు కాజాలు లెక్కపెట్టి కుట్టినవాణ్ణి. పెదాలు కదిపి చూసుకున్నాను. పో, యొ, స్తా. మూడు తునకలు. ఆ వేలి పైన ఉన్నవి రెండే అక్షరాలు.

"నేను ముందే చెప్పలే!" అని నవ్వాను. శెట్టి మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. పాపం, అబద్ధమాడటం చేతకాని మనిషి. ఆయనను ఏమని ఏం లాభం? తిరిగి రానని ఆ పిల్ల అయిదేళ్లు రోజూ చెప్తూనే ఉంది. చెవులున్నన్నాళ్లూ నేనే వినలేదు. ఇప్పుడు ఆ మాట ఆమె గొంతులో ఒక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుంటోంది.

మిషను మీద గుడ్డ కప్పి లేచాను. దీపాలు పెట్టే వేళకు శెట్టికి చెప్పి ఇంటికి కదలడం నా అలవాటు. అలాగే చెప్పి అరుగు దిగాను. నోటికి అలవాటైన మాటే వచ్చి ఉంటుందనుకున్నాను. నా మాట నాకు వినబడదు గదా.

శెట్టి మొహం పాలిపోయింది. చెప్పులైనా లేకుండా వీధిలోకి పరుగెత్తుకొచ్చి, నా చెయ్యి రెండు చేతులా పట్టుకుని, వద్దు వద్దని తల ఊపాడు. ఏ మాట అన్నానో నాకు అప్పుడు తెలిసింది.