ఖాళీ తొట్టె ఊపకూడదు

హమ్రోకుల్ పొద్దుటినుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేదు. పోసిన టీ పోసినట్టే చల్లారింది. తుంచిన రొట్టె ముక్క కిటికీలో మరిచాడు. రేపు మధ్యాహ్నం వియ్యాలవారింట్లో తొట్టె వేడుక. తొట్టె బిడ్డ తల్లి పుట్టింటివాళ్లే పట్టుకెళ్లాలి. కోకండ్ ఊళ్లో ఎన్నో ఇళ్లకు తొట్టెలు చేసిచ్చాడు, సొంత మనవడి తొట్టె మాత్రం పట్టుకుని ఊపే పైకమ్మీ లేకుండా ఇంకా దుకాణంలోనే నిలబడి ఉంది.

బిడ్డ భూమ్మీద పడకుండా తొట్టె మొదలుపెట్టకూడదంటారు. కూతురు జులైహోకు చాలా ఏళ్లు కడుపు నిలవలేదు. అందుకని ఆయన ఆ మాటను మరీ గట్టిగా పట్టుకున్నాడు. మనవడి ఏడుపు ఫోనులో విన్నాకే రంపం ముట్టాడు.

పైకమ్మీకి కర్ర మాత్రం ఎప్పుడో ఉంది. భార్య ఆయ్‌దీన్ తన పుట్టింట్లో మల్బరీ చెట్టు కొట్టేసిన రోజున ఒక్క పట్టె అడిగి తెచ్చుకుని, జులైహో బిడ్డకని అటక మీద దాచింది. బిడ్డను చూడకుండానే పోయింది. ఆ పట్టె పాడైతే ఇంకోటి లేదు.

చలికాలం నుంచి ఆయన చేతులు వణుకుతున్నాయి. చిత్రిక పట్టలేడు. అంచులు గుండ్రంగా తీసే రూటర్ మిషన్ను కర్ర మీద నిలకడగా నడపలేడు. అందుకే మిషన్‌నే కదలకుండా చేద్దామనుకున్నాడు. దళసరి ప్లైవుడ్ బల్లకు కన్నం వేసి, మిషన్‌ను అడుగున తలకిందులుగా బిగించాడు. కన్నంలోంచి గిర్రున తిరిగి కర్రను కోసే బిట్టు కొంచెం పైకి వచ్చింది. దాని వెనక ఆనుకోవడానికి తిన్నని చెక్క బిగించాడు. కర్రను రెండు చేతులతో తోస్తే చాలు, వణుకు పనిలోకి రాదు.

అక్క మవ్జూదా గుమ్మంలో కూర్చుని రేపటి పలావుకు క్యారెట్లు తరుగుతోంది. ఆయ్‌దీన్ లేదు గనక రేపు తొట్టెకు ముందు నడవాల్సింది ఆమే. చెత్త కర్ర మీద ఓసారి చూసుకోరా అని రెండుసార్లు చెప్పింది.

"నాకు నేర్పకక్కా. నువ్వు క్యారెట్లు చూసుకో."

"క్యారెట్లు పాడైతే సంతలో ఇంకో శేరు దొరుకుతాయి."

ఆయన వినిపించుకోలేదు. మిషన్ వేసి, చేత్తో నడిపే రోజుల అలవాటు కొద్దీ ఎడమ నుంచి కుడికి తోశాడు. బిట్టు పట్టెను చేతుల్లోంచి లాక్కుంది. అది ఎగిరి గోడకు కొట్టుకుని రంపప్పొట్టులో పడింది.

మిషన్ ఆపింది మవ్జూదానే. తీగ పీకేసి, ముందు తమ్ముడి వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూసింది. అన్నీ ఉన్నాయి. తర్వాతే పట్టె తీసింది. అంచు మధ్యలో ఎలుక కొరికినంత గుంట.

హమ్రోకుల్ దుకాణమంతా తిరిగాడు. ఆయ్‌దీన్ దాచిపెట్టింది ఈ ఒక్కటేనని, అదీ నిలబెట్టలేకపోయానని గొణిగాడు. తిరిగి తిరిగి బల్ల ముందు ఆగి, వంగి మిషన్‌ను చూశాడు. నిలబెట్టి నడిపినదాన్ని తలకిందులు చేశాడు. కర్ర తోసే దిక్కూ తిరగబడింది. కుడి నుంచి ఎడమకు, బిట్టుకు ఎదురు తోయాలి. ఈసారి చెత్త కర్రే ముందు పెట్టాడు. బుద్ధిగా సాగింది. తర్వాత పట్టె నాలుగు అంచులూ మెల్లగా గుండ్రమయ్యాయి.

గుంట మాత్రం ఉండిపోయింది. పట్టె మీద చెయ్యి వేసి చూస్తుంటే బొటనవేలు అందులో పడింది. తొట్టె ఊపే తల్లి చెయ్యి పట్టుకునేది సరిగ్గా అక్కడే. ఇక గుంటను పూడ్చాలనుకోలేదు. గరుకు కాగితంతో దాన్నే వెడల్పు చేసి, అంచులు నున్నన చేశాడు. వణికే చేతికి ఆ పని లొంగింది.

పొద్దు వాలేసరికి కమ్మీ తొట్టెకు ఎక్కింది. చెయ్యి అమరిందో లేదో ఊపితే గాని తెలియదు. ఖాళీ తొట్టె ఊపితే బిడ్డకు కీడు. మళ్లీ అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు.

మవ్జూదా కాసేపు చూసింది. విందుకని తెచ్చిన ఖర్బూజాల్లో ఒకటి తీసి, తన తలగుడ్డలో చుట్టి, తొట్టెలో పడుకోబెట్టి, బిడ్డ పడకుండా వేసే పట్టీలు కట్టింది.

"ఊపు. ఏడవదులే."

హమ్రోకుల్ కింద కూర్చుని గుంటలో వేలుంచి ఊపాడు. తొట్టె చప్పుడు లేకుండా వెళ్లి వచ్చింది. అక్క కొత్త టీ పోసిచ్చింది. ఒక చేత్తో ఊపుతూనే, రెండో చేత్తో వేడివేడిగా తాగాడు.