దొర ఎవలి కుక్క?

గుర్వయ్యకు కుక్కను పెంచాలన్న కోరిక కంటే ముందు దానికి ఆ పేరు పెట్టాలన్న కోరిక పుట్టింది. పేరు దొర.

దేవరకొండకు ఆమడ దూరంలో ఉన్న ఆ ఊళ్లో ఒకప్పుడు నిజం దొర ఉండేవాడు. కోటలాంటి గడీ ఉండేది. గుర్వయ్య తండ్రి ఆ గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని, తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకుని, ఎవరి పశువు ఎవరి చేలో పడ్డా తనే "తప్పయింది దొరా" అనేవాడు. ఒక ఏడు వాన కురవకపోతే దానికి కూడా ఆయనే తప్పయిందన్నాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఇప్పుడు గడీ కూలిపోయింది. ఆ దొర మనవలు హైదరాబాదు అపార్టుమెంట్లలో లిఫ్టు కోసం వరసలో నిలబడుతున్నారు. గుర్వయ్యకేమో ఐదెకరాల పత్తి, ఒక బోరు, ఒక మోటరుసైకిలు అమిరాయి. లోటు ఒక్కటే మిగిలింది. ఆ లోటు తీర్చుకోవడానికి ఎక్కడినుంచో నల్లమచ్చల కుక్కపిల్లను పట్టుకొచ్చాడు. రోజూ పొద్దున్నే గుమ్మంలో నిలబడి, తువ్వాల భుజాన వేసుకుని, "ఒరే దొరా! ఇటు రారా! కూసో!" అని ఊరంతా వినపడేలా కేకేసేవాడు. దొర తోకాడించుకుంటూ వచ్చి కాళ్ల దగ్గర కూర్చునేది. ఆ సుఖం ముందు రైతుబంధు పైసలు పడ్డ రోజు కూడా దిగదుడుపే.

చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, దొరను పిలవడం వచ్చిన గుర్వయ్యకు దొరను కట్టేయడం రాలేదు. "కట్టేస్తే దాని మనసు విరుగుతది" అనేవాడు. పక్కవాడి మనసు ఎన్ని ముక్కలైనా పట్టని మనిషికి కుక్క మనసు మీద అంత బెంగ. అది పేరుకు తగ్గట్టే పెరిగింది. ఏ ఇంటి అరుగైనా దానిదే, ఎవరి కోడైనా దానిదే. వాకిట్లో విడిచిన చెప్పులు తెల్లారేసరికి ఒంటరివయ్యేవి. ఎవరైనా వచ్చి నసిగితే గుర్వయ్య ఒకటే మాట అనేవాడు.

"మావోడు గట్లాంటోడు కాడు."

నోట్లో కోడి ఈకలతో మావోడు పక్కనే నిలబడి ఉన్నా అదే మాట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

భార్య యాదలక్ష్మి రెండు మూడుసార్లు చెప్పి చూసింది. "దేవరకొండ పోయినప్పుడు ఒక గొలుసు కొనుక్కరారాదు?"

"నీకేం తెల్వదు, ఊకో" అన్నాడు గుర్వయ్య. పెళ్లయిన కొత్తలో నేర్చుకున్న మాట అది, ఇప్పటిదాకా మార్చాల్సిన అవసరం రాలేదు.

గోడ పక్క ఇల్లు ప్రమీలమ్మది. ముప్పయ్యేళ్లు అంగన్‌వాడీలో ఆయాగా చేసి దిగిపోయిన మనిషి. ఊళ్లో సగం మంది మగవాళ్ల ముక్కులు చిన్నప్పుడు తన కొంగుతో తుడిచింది కాబట్టి, ఆమె ముందు ఎవరికీ పెద్ద గొంతు రాదు. భర్త పోయాక ఆమెకు సోనీ తోడయింది. తెల్లటి బొచ్చుకుక్క. కూతురు అనూహ్య హైదరాబాదు హాస్టల్లో ఉంచుకోనివ్వడం లేదని వదిలి వెళ్లింది. మొదట "ఇదేం కుక్క, దూదిపింజ" అని ఈసడించిన ప్రమీలమ్మే ఇప్పుడు దానికి పాలన్నం కలిపి, చల్లార్చి, ఊది మరీ పెడుతుంది. ఆ ఇంట్లో ఆమె మాటకు బదులు పలికే ప్రాణం అదొక్కటే.

ఒక మంగళవారం పొద్దున ప్రమీలమ్మ అరుగు మీద కూర్చుని జొన్నలు చెరుగుతోంది. సోనీ పక్కన ఎండ కాగుతోంది. దొర వీధిలో తన రోజువారీ వసూళ్లకు బయల్దేరింది. సొరకాయంత లేని సోనీకి ఏం పుట్టిందో, లేచి నిలబడి మొరిగింది. ఇన్నాళ్లలో దొర ముందు ఆ ఊళ్లో ఎవరూ అలా గొంతెత్తలేదు. దొర ఒక్క గెంతులో అరుగెక్కి సోనీ మెడ పట్టి విదిలించింది. జొన్నలు వీధి పాలయ్యాయి. ప్రమీలమ్మ చాటతో కొట్టింది, చాట విరిగింది. బిందెడు నీళ్లు గుమ్మరిస్తే అప్పుడు వదిలింది. సోనీ చెవి ఒకటి చీలి వేలాడుతోంది, తెల్లబొచ్చు ఎర్రగా తడిసింది.

గుర్వయ్య గోడ మీదినుంచి ఇదంతా చూశాడు. చూసి నవ్వాడు.

"కుక్కలన్నంక కొట్లాడుకోవా వదినె? మావోడు ఆడుకుందామని వచ్చిండు."

ప్రమీలమ్మ సోనీని కొంగులో చుట్టుకుని, ఆటో ఎక్కి దేవరకొండ పశువుల దవాఖానకు పోయింది. తొమ్మిది కుట్లు పడ్డాయి. సూది దిగిన ప్రతిసారీ అది ఆమె వేలును నాకిందట.

పంచాయితీ రైతు వేదికలో పెట్టారు. రైతుల కోసం కట్టిన ఆ భవనంలో ఏళ్ల తర్వాత కుర్చీలన్నీ నిండాయి. పెద్దమనిషి మల్లప్ప గొంతు సవరించుకున్నాడు.

"గుర్వయ్యా, పెద్ద లొల్లేం లేదు. ఆమెకు పైసలు గిట్ల ఒద్దంట. తప్పయింది అను. రేపటిసంది కట్టేసుకో. అయిపాయె."

"గంతే" అంది ప్రమీలమ్మ. "గా ఒక్క మాట సాలు నాకు."

గుర్వయ్య లేచి నిలబడ్డాడు. కళ్లముందు తండ్రి కనిపించాడు. చేతిలో చెప్పులు, వంగిన నడుము.

"గా మాట మా నాయిన మూడు తరాలకు సరిపోను చెప్పిపోయిండు. నేను చెప్ప" అన్నాడు.

నలుగురు ముసలివాళ్లు అయ్యో అన్నారు. ఒకరిద్దరు కళ్లు కూడా తుడుచుకున్నారు. ప్రమీలమ్మ ఒడిలో కట్టు కట్టుకుని కూర్చున్న సోనీ వైపు ఆ క్షణాన ఎవరూ చూడలేదు. తాతలనాటి కన్నీళ్లు అంత పనిచేస్తాయి మరి.

మల్లప్ప మాత్రం పట్టు వదల్లేదు. "బాధ సమజైంది. కని కుక్క నీదే గద?"

గుర్వయ్యకు దారి కనపడింది. కుక్క నాదయితే గదా తప్పు నాదయ్యేది!

"నాదెట్లయితది మామా? ఊరకుక్క. ఆకలైతే మా ఇంట్ల తింటది. పిలిస్తే పలుకుతది. గంత మాత్రాన నాదయితదా?"

జనం ముక్కున వేలేసుకున్నారు. పంచాయతీలో రాతకోతలు చూసే కారోబారు పరమేష్ మాత్రం హుషారుగా పుస్తకం తెరిచాడు. ఆ కుర్రవాడికి ఏదైనా రాయడమంటే పెళ్లిభోజనంతో సమానం. "దొర అను పేరు గల నల్లమచ్చల కుక్క నాది కాదు. దానిపై నాకు గానీ నా వారసులకు గానీ ఎట్టి హక్కు లేదు. అది గ్రామ పంచాయతీకి చెందినది" అని రాసి, పైకి చదివి, పుస్తకం ముందుకు తోశాడు. గుర్వయ్య తోకలు తిప్పి మరీ సంతకం పెట్టాడు.

అప్పుడు ప్రమీలమ్మ నవ్వింది. తెలివిగలవాడైతే ఆ నవ్వు చూసి అక్కడే సంతకం కొట్టేయించుకునేవాడు. గుర్వయ్య మీసం దువ్వుకుంటూ ఇంటికి పోయాడు.

నాలుగో రోజు పత్తి చేనుకు మందు కొట్టి వచ్చేసరికి వాకిలి బోసిగా ఉంది.

"దొర యాడికి పోయిండు?"

"బత్తాయి తోట శ్రీశైలం ట్రాక్టరేసుకొని వచ్చిండు. తోటల అడవి పందులు పడుతున్నయంట. గట్టి కుక్క గావాలని అర్జీ పెట్టుకుంటె పంచాయతోళ్లు ముద్ర గుద్ది ఇచ్చిండ్రంట. ప్రమీలక్కనే రాయించిందంటున్నరు అర్జీ" అంది యాదలక్ష్మి.

"పట్టుకపోతాంటె నువ్వేం చేసినవ్?"

"నీదే గానిది నాదెట్లయితది?"

ఎప్పటిలా ఊకో అనబోయి, వీపు మీది మందు పంపు దించి పెట్టాడు.

మర్నాడు పొద్దున గుమ్మంలోకి వచ్చి, తువ్వాల భుజాన వేసుకుని, గొంతు సవరించుకుని ఆగిపోయాడు. పిలవడానికి ఎవరూ లేరు. గొప్ప కోసం పెంచాడన్నది నిజమే. కానీ జ్వరమొచ్చి పడుకున్నప్పుడు మంచం కోడు వదలకుండా మూడు రోజులు కూర్చున్నది కూడా అదే. పత్తి సాళ్ల మధ్య ఎవరూ చూడని చోట గుర్వయ్య ఏడ్చాడు. కుక్క కోసం ఏడుస్తున్నానని ఒప్పుకోవడానికి కూడా మొహం చెల్లక, మందు కళ్లలో పడిందని తనకు తానే చెప్పుకున్నాడు.

ఆ సాయంత్రమే తోటకు పోయాడు. దొర గొలుసుతో కానుగ మొద్దుకు కట్టేసి ఉంది. పంది కోర గీసిందేమో, తొడ మీద గాయం, దాని మీద ఈగలు. గుర్వయ్యను చూడగానే గొలుసు తెగేలా గుంజుకుని, కాళ్ల మీద పడి, చిన్నపిల్లలా మూలిగింది.

"ముద్దు చేసుకుంటె చేసుకో అన్నా, గొలుసు మాత్రం ముట్టకు" అన్నాడు శ్రీశైలం. "నా తాన కాయితం ఉన్నది."

గుర్వయ్య పరమేష్ దగ్గరికి పరుగెత్తాడు. "రాసింది కొట్టెయ్యాలంటె ఫిర్యాదిచ్చినామె ఒప్పుకోవాలె. సంతకం నీదే గద అన్నా, ఎంత మంచిగ పెట్టినవో సూడు" అన్నాడు పరమేష్.

మరునాడు గుర్వయ్య సంచెడు సీతాఫలాలు పట్టుకుని ప్రమీలమ్మ వాకిట్లో అడుగు పెట్టాడు. గోడ ఇవతలినుంచి అవతలికి నాలుగడుగులు. ఆ నాలుగడుగులు వేయడానికి పొద్దంతా పట్టింది. అతన్ని చూడగానే సోనీ మంచం కిందికి దూరింది. కరిచినవాడు వెంట లేడు, అయినా దూరింది.

"వదినె, కుక్క సంగతి..."

"ఏ కుక్క?"

"గదే... దొర."

"గది పంచాయతీ కుక్క. నాకెందుకు చెప్తున్నవ్?"

"పండ్లు తెచ్చిన."

"పండ్లడిగిననా?"

గుర్వయ్య సంచి ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "నీకు ఎరుకే గద వదినె, మా నాయిన గడీ ముందు..."

ప్రమీలమ్మ చేతిలో చీపురు పక్కన పడేసింది. ఇన్ని రోజులు అణచుకున్న కోపం అప్పుడు బయటపడింది.

"ఎరుకే. మీ నాయిన చెప్పులు చేత పట్టుకొని నిలబడ్డది నేను గూడ సూసిన. చెయ్యని తప్పుకు, కొడ్తరని భయానికి చెప్పిండు పాపం. నువ్వు చేసిన తప్పుకు చెప్పనంటున్నవ్. నిన్నెవరన్న కొడ్తున్రా? నీ ఇష్టమొచ్చినట్టు ఇడిసిపెడితివి, ఊరి మీదికి తోలితివి, కండ్ల ముంగట కరుస్తాంటె గోడెక్కి నవ్వితివి. నెత్తురు కారే ప్రాణాన్ని ఒళ్లె పెట్టుకొని నీ ముంగట నిలబడ్డది నేను. మరి గా దినం గడీల ఉన్నదెవరు, గడీ ముంగట ఉన్నదెవరు? గా కుక్కకు పేరు తప్పు పెట్టినవ్ గుర్వయ్యా. గా పేరు నీది."

గుర్వయ్యకు తల ఎత్తి చూడడం చేతకాలేదు. సంచి చేతిలోనుంచి జారి సీతాఫలాలు దొర్లాయి. వంగి వాటిని ఏరుతూ అన్నాడు.

"నా కుక్కే వదినె. తప్పయింది."

మిన్ను విరిగి మీద పడలేదు. తండ్రి ఆత్మ వచ్చి చెంప మీద కొట్టలేదు. మంచం కిందినుంచి సోనీ మూతి మాత్రం బయటికి వచ్చింది. ప్రమీలమ్మ లోపలికి పోయి, ఫోను తెచ్చి, పరమేష్‌కు కలిపింది. "కొట్టెయ్ పిలగా. దొరికిండు దానికి ఇంటాయన."

కథ ఇక్కడితో అయిపోతే గుర్వయ్య అదృష్టవంతుడే. కానీ ఊరికి వాట్సప్ గ్రూపు ఒకటుంది. "దొర నాదే అని గుర్వయ్య ఒప్పుకున్నాడు" అని పరమేష్ అందులో పెట్టిన గంటకు, మూడేళ్లుగా "మావోడు గట్లాంటోడు కాడు" అని కొట్టిపారేసిన పనులన్నీ ఒక్కసారిగా గుర్వయ్యవి అయ్యాయి. రామచంద్రయ్య పుంజులు, ఐలేశం మనవరాలి బడి బూట్లు, మల్లప్ప పట్టుకండువా. మల్లప్పే తీర్పు చెప్పాడు. "ఒక్కలకు చెప్తె ఎట్లయితది? తిరిగి చెప్పు."

గుర్వయ్య కొత్త గొలుసు కొని, దొరను తెచ్చుకుని, దాన్ని పట్టుకుని పదకొండు ఇళ్లు తిరిగాడు. మొదటి ఇంటిని గొలుసు సర్దుకుంటూ రెండుసార్లు దాటిపోయి వెనక్కి వచ్చాడు. మూడో ఇంటి దగ్గర నేలను చూస్తూ చెప్పాడు. ఏడో ఇంటికి వచ్చేసరికి మాట దానంతటదే వస్తోంది. చివరి ఇంట్లో చాయ కూడా ఇచ్చారు. పొద్దు వాలేవేళకు, ఊరికంతటికీ ఏదో మేలు చేసి వస్తున్నవాడిలా ఛాతీ విరుచుకుని ఇల్లు చేరి, దొరను వాకిట్లో గుంజకు కట్టేశాడు.

యాదలక్ష్మి పొయ్యి ముందు జొన్నరొట్టె కొడుతోంది.

"అందరికి అయిందా?"

"అయింది. ఒక్కరు మిగల్లే."

"మరి నాకు?"

గుర్వయ్య విస్తుపోయాడు. "నీకేంది? నిన్ను గూడ కరిసిందా?"

"నన్ను కరిసింది కుక్క గాదు" అంది యాదలక్ష్మి, రొట్టె మీద చెయ్యి ఆపకుండా.

పదకొండు ఇళ్లు తిరిగొచ్చిన గుర్వయ్య భుజం మీది తువ్వాల తీసి చేతుల్లో నలుపుకుంటూ నిలబడ్డాడు.

యాదలక్ష్మి రొట్టెను పెనం మీద వేసి, పీట అతని వైపు తోసింది.

"కూసో. తొందరేం లేదు. ముప్పయ్యేండ్లు ఆగిన, గీ రొట్టె కాలేదాక ఆగనా?"