ఇద్దరూ మింగాల్సిన మాత్రలు

బస్సుల్లో ఇప్పుడు టికెట్లు యంత్రమే ఇస్తోంది. ఎక్కినప్పుడల్లా ఆమెకు ఆడపడుచు గుర్తొస్తుంది. ఆవిడ కండక్టరు, పోయి చాలా ఏళ్లయింది.

పెళ్లయిన కొత్తలో ఆమె బట్టల దుకాణంలో కుట్టుపని చేసేది. భర్త అచ్చుయంత్రాలు బిగించే మెకానిక్కు, నెలలో సగం పొరుగూళ్లలోనే. ఆ రోజుల్లోనే పొత్తికడుపులో నొప్పి, మూత్రంలో మంట మొదలయ్యాయి. ఎవరితో చెప్పుకుంటుంది? పళ్ల బిగువున మిషను తొక్కుతుంటే ఆడపడుచు కనిపెట్టింది. నయానా భయానా సంగతి రాబట్టి, మర్నాడే సెలవు పెట్టి ఆసుపత్రికి వెంటబెట్టుకెళ్లింది.

డాక్టరమ్మ పరీక్షలు చేయించింది. కలయిక వల్ల అంటుకున్న జబ్బేనని, మందులతో నయమవుతుందని చెప్పింది. భర్తకూ పరీక్ష, మందు తప్పవంది. ఒక్కరే మింగితే మళ్లీ అంటుకుంటుంది, ఇద్దరికీ తగ్గేదాకా దూరంగా ఉండమంది.

తిరుగుదారంతా ఆమె ఆడపడుచు ముఖం వంకే చూస్తూ నడిచింది. ఎంతైనా అతను ఆవిడకు తోడబుట్టినవాడు, తప్పంతా తన నెత్తినే రుద్దుతారేమోనని భయం.

సంగతి విని అతను కస్సుమన్నాడు. తనకే బాధా లేదట, ఆసుపత్రి ఎందుకట. అక్క గొంతు పెంచలేదు.

"ఒరేయ్, చాలామందికి పైకి ఏమీ కనపడదట. ఎక్కడ తిరిగావో నేనడగను, అది మీ ఆవిడతో తేల్చుకో. పరీక్షకి మాత్రం పద. తమ్ముడివని ఈ పిల్ల ఒళ్లు గుల్లవుతుంటే చూస్తూ కూర్చోను."

అతను తలొంచుకుని చెప్పులేసుకున్నాడు. ఆ సాయంత్రమే భార్యతో నిజం చెప్పాడు. ఆమె ఏడ్చింది, చాన్నాళ్లు ముభావంగా ఉంది. మందులు మాత్రం ఇద్దరూ ఒక్క పూట తప్పకుండా మింగారు. హెచ్ఐవి పరీక్ష కూడా చేయించుకుని, మొదట్లో బయటపడకపోవచ్చని డాక్టరమ్మ చెప్పిన గడువుకు మళ్లీ చేయించుకున్నారు. అంతదాకా కండోములు అతనే కొనుక్కొచ్చేవాడు, సిగ్గుతో చెవులు ఎర్రబడుతున్నా.

ఆ రోజుల్లో ఆమె పనికి వెళ్లే బస్సు ఆడపడుచుదే. జనం కిక్కిరిసి ఉంటే ముందు తలుపు దగ్గర్నుంచే అరిచేది:

"అమ్మాయ్, తగ్గిందా?"

"తగ్గింది వదినా," అనేది ఆమె, తల పైకెత్తకుండా.

జలుబనుకుని, పక్కనున్న పెద్దావిడ ఆవిరి పట్టమని సలహా ఇచ్చేది. ముందు తలుపు దగ్గర వదిన నవ్వాపుకోలేక చిల్లర కింద పోసుకునేది.