ఏమని పిలుస్తుంది?

“మంచమో నేనో తేల్చెయ్యవే! రోజూ గుద్దుకోలేక చస్తున్నా,” అంది అత్తగారు మోకాలు రుద్దుకుంటూ.

ఈ వాదన మొదలయ్యాక పాలు పొంగి, చల్లారాయి కూడా. శిబిరం నుంచి రావలసిన పాప కోసం వీధివాళ్ళు మోసుకొచ్చిన చెక్కమంచం వంటింటి గుమ్మానికి అడ్డంగా ఉంది. దాని మీద కింది వాటా ముసలాయన ఇచ్చిన దుప్పటి, ఎవరో కుట్టిన చిన్న స్వెట్టరు.

“వచ్చేదాకా గోడకి నిలబెడదామే,” అన్నాడు భర్త.

“నిలబెడితే రాదనుకున్నట్టే కదండీ,” అని కోడలు మంచం పక్కనుంచి ఒదిగి దాటి పనికి బయలుదేరింది.

హోటళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేసే లాండ్రీ అది. వేడి రోలరులోంచి వచ్చే దుప్పటిని రెండు కొసలా ఇద్దరు పట్టుకోవాలి. అవతలి కొస పట్టుకునేది కబుర్లక్క. సెలవు పెట్టుకుని మరీ ఆమెను వలస ఆఫీసుకీ, లాయరు దగ్గరికీ తిప్పిన మనిషి.

యుద్ధంలో ఇల్లు వదిలి పారిపోయినప్పుడు కొడుకుతో సహా వీళ్ళ నలుగురికీ ఈ దేశం రావడానికి ముందుగా అనుమతి వచ్చింది. చనిపోయిన అక్క కూతురు, పాప, సరిహద్దు అవతలి శిబిరంలో ఉండిపోయింది. పొత్తిళ్ళనుంచి పెంచింది తనే. పెంచిన పిల్లల్ని కూడా పిలిపించుకోవచ్చన్నారు అప్పట్లో. ఇంతలో రూలు మారింది. కన్నపిల్లలైతేనే రానిస్తారట.

ఇంటర్వ్యూలో “పాప మీకేమవుతుంది?” అని అడిగారు.

“కూతురు.”

“మిమ్మల్ని ఏమని పిలుస్తుంది?”

“పిన్నీ అని.”

అక్క కూతురు కూతురు కాక మరేమవుతుంది? ఆమెకు అందులో తిరకాసేమీ తోచలేదు. అనువాదకుడు మాత్రం ఒక్కక్షణం ఆగి, తలవంచుకుని, పిన్నంటే తల్లి చెల్లెలని చెప్పాడు. అంతే, ఆ పిలుపుతో తలుపు మూసుకుంది.

తర్వాత ఫోనులో నేర్పించబోయింది. “ఎవరడిగినా అమ్మా అనమ్మా.”

“అమ్మకి కోపం రాదా పిన్నీ?” అంది పాప.

మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మధ్యాహ్నం శిబిరం నుంచి ఫోను వచ్చింది. పాపను కనిపెట్టుకుని ఉంటున్న పక్క గుడారం ఆవిడను వేరే ఊరికి పంపించేస్తున్నారు. ఇక పాప ఒక్కతే. తను వెళ్తే తిరిగి రానివ్వరు. వెళ్ళకపోతే పాపకు దిక్కులేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రోలరు మాత్రం ఆగదు. ఆవిరికి కళ్ళు మండుతున్నా కొస పట్టుకుని లాగుతూనే ఉంది.

“మీవాడి సంగతి బెంగపెట్టుకోకు,” అంది కబుర్లక్క, అడగకుండానే. “బడి నుంచి నేను తెస్తా. నా కబుర్లు వినలేక వాడే నిద్రపోతాడు.”

ఆమె నవ్వబోయింది. తర్వాతి దుప్పటి కొస అందుకుంది.

రాత్రి అందరికీ వడ్డించి, తనూ కూర్చుంది. కంచంలోని ముద్ద కలుపుతూ అంది. “ఆదివారం బస్సుకి పాప దగ్గరికి వెళ్తున్నా.”

భర్త చెయ్యి ఆగింది. “వెళ్తే మళ్ళీ…”

“తెలుసండీ. వీడికి మీరున్నారు, నాయనమ్మ ఉంది, వీధంతా ఉంది. దానికెవరూ లేరు.”

“అక్కని తెస్తావా అమ్మా?” అన్నాడు కొడుకు.

“అక్క దగ్గర ఉంటాను నాన్నా.”

అత్తగారు మనవణ్ణి ఒళ్ళోకి లాక్కుంది.

లాండ్రీలో, ఆమె ఆ సాయంత్రం విప్పి కొక్కేనికి తగిలించి వచ్చిన తెల్లకోటు చేతులు, ఇంకా దుప్పటి కొస పట్టుకున్నట్టే, మోచేతుల దగ్గర వంగి ఉన్నాయి.