హుస్సేన్ బీ ఊదు

మా పక్కింటి హుస్సేన్ బీ ఎవరి మాటా వినే మనిషి కాదు. తొంభై మూడులో, చౌటుప్పల్ దగ్గరి మా ఊరి పొలిమేరలో మందుల ఫ్యాక్టరీ పెట్టాక, ఎండ దిగే వేళకు ముక్కులదిరే ఘాటు ఇళ్లలోకి వచ్చేది. మేము కొంగులు అడ్డం పెట్టుకుని తిట్టుకునేవాళ్లం. ఆమె మాత్రం తలుపులు బిగించి, నిప్పుల మీద గుప్పెడు ఊదు చల్లి ఇల్లంతా పొగ పట్టించేది. ఆ పరిమళం ముందు ఫ్యాక్టరీ ఏపాటిదని ఆమె ధీమా.

ఆమె భర్త ఫక్రుద్దీన్ మసీదులో అజాన్ ఇచ్చేవాడు. అప్పటికి మసీదుకు మైకు లేదు, ఆయన గొంతే మైకు. ఆ గొంతంటే ఆమెకు ఎంత గర్వమో చెప్పలేను. అలాంటిది ఆ చలికాలం సాయంత్రపు అజాన్ సగంలోనే దగ్గు అందుకునేది. ఆమె భయపడి ఊదు రెట్టింపు చేసింది. దగ్గు కూడా పెరిగింది.

"ఇగ నాతోని కాదు. శుక్రారం పెద్దలకు చెప్త, ఇంకొకర్ని చూసుకుంటరు," అన్నాడాయన.

"సైదమ్మా, జర తోడు రావే," అని నన్ను వెంటబెట్టుకుని ఆయన్ని దవాఖానకు లాక్కుపోయింది.

డాక్టరు అంతా విని ఊదు మానమన్నాడు. హుస్సేన్ బీ కస్సుమంది.

"దర్గా ఉర్సుల పొద్దంతా ఊదు పొగల కూసున్నడు సారూ, ఒక్కపారి దగ్గలే! మా చేను ఫ్యాక్టరీ పక్కనే. ఆడ కండ్లు మండుతయి గని దగ్గు రాదు. నా ఊదు ఏం జేసింది?"

డాక్టరు నవ్వాడు. "నువ్వే చెప్పినవ్ గదమ్మా. ఒక్కొక్కటైతే ఓర్చుకుంటున్నడు. నీ ఇంట్ల రెండూ కలుస్తున్నయి. ఉత్త గ్యాసైతే చానామటుకు ముక్కుల, గొంతులనే ఆగుతది. పొగల ఉండే సన్న నుసికి అంటుకుంటే ఊపిరితిత్తుల అడుగు దాక పోతది."

ఇంటికొచ్చాక, "నా చేతుల్తోనే దగ్గు పెంచిన గదా," అని కళ్లొత్తుకుంది.

"నా కోసమే గద చేసినవ్," అన్నాడు ఫక్రుద్దీన్.

ఆనాటి నుంచి, ఆ పొగ కూడా వద్దని, సాయంత్రాలు పొయ్యి సైతం వెలిగించలేదు. మధ్యాహ్నమే జొన్నరొట్టెలు చేసి పెట్టేది. చల్లారిన రొట్టె ఆయనకు అస్సలు గిట్టదు. రోజూ సణిగేవాడు. ఊదు మాత్రం ఫ్యాక్టరీ గాలి ఇటు తిరగని గురువారాలకే.

ఫ్యాక్టరీ ఘాటు తగ్గలేదు. అయినా కొన్ని వారాలకు ఒక సాయంత్రం అజాన్ ఎక్కడా తెగకుండా చివరిదాకా వచ్చింది. హుస్సేన్ బీ మా గోడ దగ్గర కొంగు కప్పుకుని నిలబడి వింది. నాకే సంతోషంతో కళ్లు చెమర్చాయి, ఆమె సంగతి చెప్పాలా!

ఆయన రాగానే చల్లారిన రొట్టె ముందర పెట్టి, "ఉడుకు రొట్టె కావాల్నా, అజాన్ కావాల్నా?" అంది.

ఫక్రుద్దీన్ సణక్కుండా దాన్ని తిని, ఇంకో చల్లారిన రొట్టె వడ్డించమన్నాడు.