తాత ఏం చేస్తాడు?

ఆదివారం పొద్దున. సూర్యాపేటలోని ఒక అద్దె ఇంట్లో పదేళ్ల గీత చేతులు కట్టుకుని నిటారుగా నిలబడింది. తల్లి రజని చేతిలోని కాగితం చూసి ప్రశ్నలు అడుగుతోంది.

“ఇంట్ల ఏ భాష మాట్లాడుతరు?”

“ఇంగ్లిష్.”

“మీ తాతగారు ఏం చేస్తరు?”

“రిటైర్డ్ టీచర్.”

“శభాష్!” అన్నాడు తండ్రి మహేశ్వర్.

కోదాడ దగ్గర పేరున్న ప్రైవేటు రెసిడెన్షియల్ పాఠశాల ఒకటుంది. ఆరో తరగతిలో నలభై సీట్లు. గీత రాత పరీక్ష నెగ్గింది. ఇక మిగిలింది తల్లిదండ్రులతో కలిసి వెళ్లాల్సిన ఇంటర్వ్యూ. “ఇంటి వాతావరణం సూస్తరు సార్. గొర్లు గిర్లు అంటే చాన్సు సగం పోతది” అని కోచింగ్ సెంటర్ జవహర్ సారు ఈ జవాబులు రాసిచ్చాడు. పాఠకులారా, మహేశ్వర్‌ను తొందరపడి తప్పు పట్టకండి. బిడ్డ బాగు కోరి ఇలాంటి కాగితం మనలో ఎవరమైనా అందుకునే వాళ్లమే.

అప్పుడే గుమ్మంలో అలికిడైంది. పెన్‌పహాడ్ నుంచి మొదటి బస్సుకు వచ్చిన మహేశ్వర్ తండ్రి సోమన్న, జున్నుపాల క్యానుతో అక్కడే నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

“మామయ్యా, అది... ఊరికే...” రజని మాట తడబడింది.

“ఏం కాదు బిడ్డా. సీటు ముఖ్యం. నేనిగ ఆ బడి దిక్కు రాను తియ్. ఎవలన్న సూస్తె పిల్లకు నామోషి” అన్నాడు సోమన్న నవ్వడానికి ప్రయత్నిస్తూ.

“తాతా, నిన్ను రానియ్యరా?” అంది గీత.

మహేశ్వర్ తల తిప్పుకున్నాడు. అతని మనసు ముప్పై ఏళ్లు వెనక్కి పోయింది.

వరి కోతలయ్యాక సోమన్న మందను తోలుకుని నిడమనూరు పొలాలకు పోయేవాడు. పెంట ఎరువు కోసం రైతులు తమ మళ్లలో మంద పెట్టించుకునేవారు. పిల్లవాడు మహేశ్వర్ గొర్రెపిల్లను భుజాన వేసుకుని వెంట నడిచేవాడు. ఒకరోజు తండ్రి అతన్ని మిర్యాలగూడ హాస్టల్ బడికి తీసుకుపోయాడు. “ఏం చేస్తవయ్యా?” అని హెడ్మాస్టరు అడిగితే “గొర్లు కాస్త సారూ” అన్నాడు సోమన్న, గొంతు తగ్గించకుండా. హెడ్మాస్టరు పిల్లవాడి వైపు తిరిగాడు. “మందల ఒక్కటి తప్పిపోతే ఎట్ల ఎరుకైతదిరా?”

“అన్నిటి మొఖాలు నాకు ఎరుకే సార్!”

హెడ్మాస్టరు పగలబడి నవ్వి, పేరు రాసుకున్నాడు.

ఆ తర్వాత మంద అటు వచ్చినప్పుడల్లా హాస్టల్ గేటు దగ్గర సోమన్న కనిపించేవాడు. భుజాన గొంగడి, దాని కొంగున రేగుపండ్ల మూట. “మహేశుగాని నాయినొచ్చిండు!” అంటూ పిల్లలంతా పరుగెత్తేవారు. ఆ గొంగడిలో ముఖం దాచుకుంటే ఉన్నివాసన, పొయ్యి పొగవాసన. ఆ పూట హాస్టల్‌కంతా మహేశ్వరే దొర. అలాంటి తండ్రిని ఎప్పటి నుంచి దాచడం మొదలుపెట్టాడు? ఉద్యోగంలో చేరిన రోజు ఎవరో అడిగితే “వ్యవసాయం” అన్నాడు. ఆ మాట అలాగే ఉండిపోయింది.

మహేశ్వర్ లేచి రజని చేతిలోని కాగితం తీసుకుని మడిచాడు.

“ఇది వద్దు. ఉన్నదే చెప్పు బిడ్డా” అన్నాడు గీతతో.

“వెయ్యి మంది రాసిండ్రు. ఒక్క మాటతోని సీటు పోతే?” రజని కళ్లలో నీళ్లు తిరిగాయి. బిడ్డను పొద్దున్నే లేపి చదివించిన తల్లి ఆమె.

“పోతే బాధపడదాం. గానీ మా నాయిన లేనట్టు నా బిడ్డతోని చెప్పియ్యను.”

ఇంటర్వ్యూలో ప్రిన్సిపాల్ మేడమ్ మెల్లగా అడిగింది. “మీ తాతగారు ఏం చేస్తుంటారమ్మా?”

“గొర్లు కాస్తడు మేడమ్. ఈనేటప్పుడు గొర్రె పక్కనే కూసుంటడు. పిల్ల తల్లి దగ్గర పాలు తాగకపోతే సీసతో పట్టిస్తడు. మొన్న నేను గూడ పట్టిచ్చిన!” ఇంటర్వ్యూను ఇంగ్లిషులో మొదలుపెట్టిన గీత ఎప్పుడు తెలుగులోకి వచ్చిందో ఆమెకే తెలియదు. మేడమ్ రాసుకుంటూ తల ఊపింది.

వారం తర్వాత జాబితా వచ్చింది. అందులో గీత పేరు లేదు. ఎందుకు లేదో ఎవరూ చెప్పలేదు. రజని ఆ రోజు అన్నం ముట్టలేదు. గీత కూడా ఏడ్చింది. కబురు తెలిసి వచ్చిన సోమన్న, “నా వల్లనే గద కొడుకా” అంటూ కూలబడ్డాడు. గీత వచ్చి తాత పక్కన కూర్చుంది. “నీ వల్ల కాదు తాతా, రాత పరీక్షల లెక్కల్ల రెండు తప్పు చేసిన” అంది కళ్లు తుడుచుకుంటూ.

జూన్‌లో ఆమె సూర్యాపేటలోనే ఆరో తరగతిలో చేరింది. బజారులో ఎదురైన జవహర్ సారు, “నేను చెప్పినట్టు చెప్తే వచ్చేది సార్” అన్నాడు.

“వచ్చేదేమో సార్,” అన్నాడు మహేశ్వర్. “సీటు ఈ ఏడు కాకుంటే ఇంకో ఏడు, ఈ బడి కాకుంటే ఇంకో బడి. గానీ పదేండ్ల పిల్లకు మనమే కూసోబెట్టి సొంత తాతను దాసిపెట్టుడు నేర్పితే, ఎంత పెద్ద బడి అయినా ఆ పాఠాన్ని మళ్ల మరిపియ్యలేదు.”