ఉండల చారు ఉడికేదాకా

మా ఆయన సన్యాసిరాజు చెవిలో ‘వద్దు’ అన్న మాట పడితే చాలు, ఆ పని చేసి తీరతాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పెళ్ళయిన కొత్తలో ఇది తెలీక నేను బోలెడు వద్దులు వృథా చేసుకున్నాను. వాళ్ళమ్మకి మాత్రం ఈయన ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ తెలుసు. ఆవిడకి తెలియడం ఎంత పనికొచ్చిందో హుద్‌హుద్ తుపాను రోజున కళ్ళారా చూశాను.

అప్పుడు మేం ఎండాడలో ఒక బిల్డింగు పై వాటాలో అద్దెకుండేవాళ్ళం. ఈయన పోర్టులో క్రేను నడుపుతాడు. తుపాను మూలంగా పోర్టు మూసేస్తే ఇంట్లో ఉన్నాడు. మా అత్త కాశమ్మ ఎలమంచిలి దగ్గర పల్లె నుంచి కంటి డాక్టరుకి చూపించుకోవడానికి వచ్చి మాతోపాటు ఇరుక్కుపోయింది.

తెల్లారకముందే మొదలైంది గాలి. నేను పుట్టి బుద్ధెరిగాక గాలి అనుకున్నదేదీ గాలి కాదని ఆ పొద్దున అర్థమైంది. బాల్కనీ తలుపు లోపలికి ఉబ్బుతుంటే మంచం అడ్డం పెట్టి, దానికి ముగ్గురం వీపులు ఆనించి కూర్చున్నాం. హాల్లో కిటికీ అద్దాలు పగిలి వాన అడ్డంగా వచ్చి గోడకి కొడుతోంది. కరెంటు లేదు, ఫోన్లో సిగ్నల్ లేదు. నాకు తెలిసిన దేవుళ్ళ పేర్లన్నీ అయిపోతే మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టాను.

మిట్టమధ్యాహ్నం కావస్తుండగా ఆగిపోయింది. తగ్గడం కాదు, ఆగిపోవడమే. ఎక్కడో పసిపిల్ల ఏడుపు, మెట్లమీంచి నీళ్ళు కారుతున్న చప్పుడు వినపడ్డాయి.

మంచం జరిపి బాల్కనీలోకి వెళ్ళాను. నెత్తిమీద ఆకాశం నీలంగా ఉంది! ఎండ కూడా కాస్తోంది. ఆ నీలం చుట్టూ, ఎటు తిరిగి చూసినా, దూరంగా మబ్బు గోడ కట్టినట్టు నిలబడి ఉంది. నూతి అడుగున నిలబడి పైకి చూస్తున్నట్టుంది. నిన్నటిదాకా పచ్చగా ఉన్న కొండ మీద ఒక్క ఆకు లేదు. మా పిట్టగోడ మీద తెల్లటి సముద్రపు పిట్టలు ఒకదాన్నొకటి ఒరుసుకుని వాలి ఉన్నాయి. నేను చెయ్యి చాపినా ఎగరలేదు, నన్ను చూసే ఓపిక కూడా వాటికి లేదు. నా ఒళ్ళు జలదరించింది. భయమో భక్తో నాకే తెలీదు, రెండు చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి.

అప్పటికే వీధిలోకి జనం వచ్చేశారు. కింద వాటా భీమశంకరరావుగారు లుంగీ ఎగ్గట్టి, “అయిపోనాదర్రా! దాటీసింది!” అని చుట్టుపక్కలందరికీ చెబుతున్నాడు.

మా అత్త పిట్టగోడ మీంచి వంగింది. “అవ్వనేదు బాబూ! సగవే అయినాది. ఇది నడిమధ్య. మళ్ళీ అటేపు నుంచి కొడతాది, లోపలికి ఎలిపోండి!”

వాళ్ళు తలెత్తి చూసి నవ్వారు. మా ఆయన ఇంకా గట్టిగా నవ్వి, చొక్కా తొడుక్కున్నాడు. “నాను బండి సూసొత్తాను.”

బండి అంటే బుల్లెట్టు. సెల్లారులో నీళ్ళొస్తాయని ముందురోజే తీసుకెళ్ళి వీధి చివర పెట్రోలు బంకు షెడ్డు కింద పెట్టొచ్చాడు. రాత్రంతా దాని గురించే బెంగ. నా గురించి అందులో సగం బెంగ పెట్టుకున్నా ఈపాటికి నేను మహారాణిని.

నేను ‘వద్దు’ అనబోయాను. మా అత్త నా చెయ్యి పట్టుకుని కందిపోయేలా గిల్లింది.

“ఎల్లరా, ఎల్లు. బండి సూసుకోవాల కాదేటి,” అంది కొడుకుతో. “పొద్దుట్నుంచి కడుపులో ఏటీ నేదు. ఉండల సారు ఎట్టెత్తాను, తాగీసి ఎల్లు. ఎంతసేపు?”

ఉండల చారంటే ఈయనకి ప్రాణం. బియ్యప్పిండిలో ఉప్పు, జీలకర్ర వేసి వేణ్ణీళ్ళతో కలిపి, గోలీలంత ఉండలు చేసి మరిగే చారులో వేస్తాం. ముందు అడుక్కి మునుగుతాయి, ఉడికాక వాటంతటవే పైకి తేలతాయి. అంతే పని. జ్వరమొచ్చినా, వాన పడినా, ఇంట్లో కూర లేకపోయినా మాకు అదే దిక్కు.

“బేగీ అయితే సరే,” అని హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని హాల్లో స్టూలు మీద కూర్చున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కన్నతల్లి అయ్యుండి దగ్గరుండి పంపిస్తోంది! సరే, ఎలాగూ వెళ్తాడు, తొందరగా వెళ్తే తొందరగా వస్తాడు కదా అనుకుని గ్యాసు వెలిగించి చారు పడేశాను. చింతపండు పిసికి, టమాటాలు చిదిమి, మిరియాలూ వెల్లుల్లీ దంచి వేసి, మంట పెద్దది చేశాను. మా అత్త వచ్చి తగ్గించింది. నేను పెంచాను. ఆవిడ మళ్ళీ తగ్గించింది.

“ఆయన బేగీ అవ్వాలన్నారు కదత్తా?”

“మాడిపోద్దే.”

చారు మాడడం నేనెక్కడా వినలేదు. ఆవిడ పిండి కలపడానికి కూర్చుంది. ఎప్పుడూ మూకుడులో టపటపా ఉండలు రాల్చే మనిషి, ఆ రోజు ఒక్కో ఉండనీ శనగ్గింజంత చేసి, వెలుగుకి పట్టి చూసి, నచ్చక మళ్ళీ పిండిలో కలిపేస్తోంది. తీరా చారు మరుగుపట్టేసరికి చెంబుతో చన్నీళ్ళు గుమ్మరించింది. ఉప్పెక్కువైందట. నేను రుచి చూశాను. అసలు ఉప్పే వెయ్యలేదు.

“ఏటి సేత్తన్నావత్తా నువ్వు?” అని అరిచాను.

ఆవిడ నావైపు చూడలేదు. కిటికీలోంచి ఆ మబ్బు గోడనే చూస్తోంది. అది ఇందాకటికంటే దగ్గరికొచ్చింది.

“నోరు ముయ్యే, ఆడికి ఇనపడతాది,” అంది గుసగుసగా. “ఇది ఉడికీదాకే ఆడు కూకుంటాడు.”

అప్పుడు తెలిసింది నా మట్టిబుర్రకి. నేనే వెళ్ళి మంట దీపమంత చేశాను.

“అయ్యిందేటి?” హాల్లోంచి కేక.

“అయిపోనాది నాన్నా, ఉండలు తేల్తన్నాయి,” అంది మా అత్త. అవి గిన్నె అడుగున హాయిగా పడుకుని ఉన్నాయి.

ఈయనకి ఓపిక అయిపోయింది. తాళాలు వేలికి తిప్పుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. “ఒచ్చి తాగుతాన్లే. ఉంచండి.” వెనక్కి తిరిగాడు. చెప్పులు కూడా తొడిగాడు. మా అత్త మొహంలో నెత్తురు చుక్క లేదు.

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

“అలగే ఎల్లండి. సల్లారిపోతే బాగోదు, కింద భీమశంకరరావుగారికి పోసెత్తాను. పాపం ఆయన కూడా ఏటీ తినుండడు.”

తలుపు గడియ మీద చెయ్యి ఆగింది. “ఆడికెందుకు?” అన్నాడు. “ముందు నాకు పొయ్యి.”

మా అత్త మంట పెంచి, ఈసారి నిజంగానే ఉండల్ని తేలనిచ్చి, కుతకుతలాడే చారు గిన్నె నిండా పోసి అందించింది. నోట్లో పెట్టుకుంటే నాలుక ఊడిపోయేంత వేడి. అదీ కావాలనే చేసిందని ఇప్పుడు నాకు తెలుసు. ఆయన తలుపు దగ్గరే నిలబడి ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ ఒక ఉండ నోట్లో వేసుకున్నాడు. ఇంకోటి వేసుకున్నాడు.

ఎండ పోయింది. ఎవరో దీపం ఆర్పినట్టు మధ్యాహ్నమంతా ఒక్కసారి చీకటైంది. పిట్టగోడ మీద పిట్టల్లో ఒక్కటీ లేదు. ఆ తర్వాత వచ్చింది చప్పుడు. పొద్దున్న కొండవైపు నుంచి వచ్చిన గాలి ఇప్పుడు సముద్రం వైపు నుంచి వచ్చింది, అంతకు రెట్టింపు కోపంతో. వీధిలో జనం గేట్లలోకి దూరుతున్నారు. భీమశంకరరావుగారు లోపలికి పడ్డాడు, ఆయన వెనకే గేటు పడింది. వీధి చివర పెట్రోలు బంకు షెడ్డు, గిన్నె మీద మూత లేచినట్టు పైకి లేచి, గాల్లో ఒక్క క్షణం ఆగి, మొత్తంగా కింద కూలిపోయింది.

మా ఆయన అదంతా కిటికీలోంచి చూశాడు. గిన్నె ఆయన చేతిలోనే ఉంది.

మంచం ఈసారి అటువైపు తలుపుకి అడ్డం పెట్టి, చారు తపేలా పక్కనే పెట్టుకుని, మళ్ళీ ముగ్గురం వీపులు ఆనించి కూర్చున్నాం. బిల్డింగు మొత్తం ఊగుతున్నట్టుంది. నాకు మాత్రం పొద్దుటంత భయం లేదు. ఆకాశం విరిగి మీద పడుతున్నా నేను ఆకాశాన్ని చూడడం లేదు. పక్కన కూర్చున్న ఈ బక్క ముసలిదాన్ని, గోళ్ళలో ఎండిపోయిన పిండిని చూస్తున్నాను. అంత పెద్ద తుపానుకి ఎదురుగా గుప్పెడు బియ్యప్పిండితో నిలబడిన మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది.

చాలాసేపటికి మా ఆయన అడిగాడు, “నీకెలగ తెలుసమ్మా, మళ్ళీ వొత్తాదని?”

“నా సిన్నప్పుడు ఇలగే ఎండొచ్చీసినాదిరా. మా అయ్య ఎడ్లు సూసొత్తానని లేసినాడు. మా అమ్మ ఒద్దు ఒద్దని కాళ్ళట్టుకున్నాది. ఇనీవోడా? నీకు ఆడి బుద్దే ఒచ్చినాది.” ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. “గుమ్మంలో ఆగి, ‘ఆకలేత్తంది, ఏటైనా ఉంటే ఎట్టు, తినీసి ఎల్తాను’ అన్నాడు. ఏటుంది ఎట్టడానికి? పొయ్యి తడిసిపోనాది. మా అమ్మ ఊదతానే ఉంది, ఊదతానే ఉంది. అంటుకోనేదు. ఆడు ఎలిపోనాడు.”

మా ఆయన ఖాళీ గిన్నె వాళ్ళమ్మ వైపు చాపాడు. మా అత్త చీకట్లో తడుముకుంటూ గరిటె అందుకుని, మిగిలిన ఉండలన్నీ ఆ గిన్నెలో పోసింది.